ఏసీ గొట్టం కింద బక్కెట్టు: గోదావరి డెల్టాలో మంచి ఆఫీసు లెక్క

భీమవరంలోనో అమలాపురంలోనో మధ్యాహ్నం మూడు గంటలకు బజారు వెనక సందులోకి వెళ్లి తలెత్తి చూడండి. మేడ మీది ఆఫీసుల నుంచి కిందికి వేలాడే ఏసీ గొట్టాలు, వాటి కింద బక్కెట్లు, పాత పెయింటు డబ్బాలు. భాద్రపదంలో అయితే సాయంత్రానికల్లా నిండి పొర్లుతుంటాయి. ఏసీ నీళ్లు కదా అని ఎవరూ పట్టించుకోరు. అవి ఏసీవి కావు, మన గాలివి. కొత్త ఆఫీసు పెడుతున్నాం, ఎలా ఉండాలి అని ఎవరడిగినా నేను ముందుగా ఆ బక్కెట్టే చూపిస్తాను.

ఆఫీసుల డిజైను గురించి ఈ మధ్య ఎక్కడ చూసినా మూడు మాటలు వినిపిస్తున్నాయి. అవసరాన్ని బట్టి మార్చుకునేలా ఉండాలి, పనిచేసేవాళ్ల ఆరోగ్యం కాపాడాలి, పర్యావరణానికి భారం కాకూడదు. మూడూ అవసరమైనవే. కానీ మనం వాటిని హైదరాబాదు, బెంగళూరు ఫొటోల్లోంచి తెచ్చుకుంటున్నాం. ఆ ఊళ్లు దక్కను పీఠభూమి మీద ఉన్నాయి, అక్కడ పొద్దుగూకాక నేల చల్లబడుతుంది. మన పక్కన సముద్రం ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఊరూరా కాలువ, దాని పక్కన చేను, ఇప్పుడు చేను పోయిన చోట రొయ్యల చెరువు. ఇక్కడ ఎండ కంటే ఉక్క పెద్ద శత్రువు. గాలిలోని ఈ నీటిని లెక్కలోకి తీసుకోని డిజైను ఏదైనా మన దగ్గర రెండు వానాకాలాలు నిలవదు.

ఏసీ గాలి మారుస్తుందా?

మార్చదు. చాలామందికి ఇది కొత్త మాట. బయట గోడకు బిగించిన పెద్ద పెట్టె బయటి గాలిని లోపలికి పంపుతుందని అనుకుంటారు. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. రెండు పెట్టెల మధ్య రాగి గొట్టాల్లో తిరిగేది గ్యాసు మాత్రమే. కిటికీలు బిగించి, తలుపుకు డోర్ క్లోజర్ పెట్టి, ఏసీ వేసుకుని కూర్చుంటే ఒకరు వదిలిన ఊపిరినే అందరూ పంచుకుంటున్నట్టు.

దీనికి లెక్క ఉంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు. కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి గంటకు 18, 19 లీటర్ల దాకా ఆ వాయువును వదులుతాడు. పన్నెండడుగుల పొడవు, అంతే వెడల్పు, పదడుగుల ఎత్తున్న మీటింగు గదిలో ఆరుగురు తలుపేసుకుని కూర్చున్నారనుకోండి. కావలసిన గాలి రాకపోతే పావుగంటలో 1000 దాటుతుంది. గంట మీటింగు అయ్యేసరికి 3000 దగ్గరికి చేరుతుంది. తలుపు సందుల్లోంచి కొంత గాలి చొరబడుతుంది గనక నిజంగా కాస్త తగ్గొచ్చు, కానీ పరిస్థితి అదే. మధ్యాహ్నం మీటింగులో కళ్లు మూతలు పడితే ఆ తప్పును ఎప్పుడూ భోజనం మీదకే నెట్టేస్తాం.

హార్వర్డ్ పరిశోధకులు 24 మంది ఉద్యోగులను ఒకే గదిలో రోజుకో రకం గాలిలో పనిచేయించి, నిర్ణయాలు తీసుకునే సామర్థ్యాన్ని పరీక్షించారు. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సుమారు 550 పీపీఎం ఉన్న రోజుతో పోలిస్తే 945 ఉన్న రోజు మార్కులు 15 శాతం, 1400 ఉన్న రోజు 50 శాతం తగ్గాయి. అది చిన్న అధ్యయనం. తర్వాత వచ్చినవన్నీ అంత పెద్ద తేడా చూపలేదు. అయినా గదిలో ఆ వాయువును కొలిచే మీటరును నేను నమ్ముతాను. కార్బన్ డయాక్సైడ్ తనంతట తాను ఎంత చెడ్డదన్న చర్చ ఎలా తేలినా, అది పెరిగిందంటే గదిలో గాలి మారడం లేదని అర్థం. అలాంటి గదిలో ఒకరికి జలుబు చేస్తే వారంలో అందరికీ అంటుతుంది. కోవిడ్ తర్వాత ప్రపంచమంతా ఆఫీసు గాలి గురించి మాట్లాడుతున్నది ఇందుకే.

అయితే కిటికీ తీసేస్తే సరిపోతుందా? డెల్టాలో అసలు ముడి ఇక్కడే ఉంది.

గాలితో పాటు నీరు

వానాకాలం మధ్యాహ్నం, బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం. ఆ గాలిలో ఘనపు మీటరుకు సుమారు 25 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. 24 డిగ్రీలు, 55 శాతం తేమతో హాయిగా ఉండే గదిలో అది 12 గ్రాములే. అంటే బయటి నుంచి తెచ్చే ప్రతి ఘనపు మీటరు గాలి వెంట 13 గ్రాముల నీరు వస్తుంది. దాన్ని తీసేయాలి.

ఇంజనీర్లు వాడే ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) ప్రమాణం ప్రకారం మామూలు ఆఫీసులో మనిషికి సెకనుకు ఎనిమిదిన్నర లీటర్ల బయటి గాలి కావాలి. ఇరవై మంది, ఎనిమిది గంటలు అని గుణించండి. రోజుకు 60 లీటర్ల పైమాటే. బక్కెట్టులో పడేవి ఆ నీళ్లే. ఆ నీటిని గాలిలోంచి పిండడానికి మాత్రమే ఒక టన్నున్నర ఏసీ పూర్తిగా పనిచేయాలి. మనుషుల వేడి, కంప్యూటర్ల వేడి, గోడల్లోంచి దిగే ఎండ ఇంకా మొదలే కాలేదు.

ఆరోగ్యం కావాలంటే బయటి గాలి తేవాలి, తెస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది, బిల్లు తగ్గించాలని బిగిస్తే ఊపిరాడదు. పత్రికల్లో ఆరోగ్యం, పర్యావరణం పక్కపక్కనే చేతులు పట్టుకుని నడుస్తాయి గానీ మన వాతావరణంలో అవి ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ఈ గుంజులాటను తీర్చడమే ఇక్కడ డిజైను.

తీర్చే పద్ధతి లేకపోలేదు. చల్లబరచడాన్నీ, తేమ తీయడాన్నీ, గాలి మార్చడాన్నీ ఒకే యంత్రం నెత్తిన వేయకుండా మూడు పనులుగా విడదీయాలి. పెద్ద కట్టడాల్లో బయటి గాలిని ముందుగానే ఆరబెట్టి లోపలికి పంపే ప్రత్యేక యంత్రం పెడుతున్నారు. చిన్న ఆఫీసులకు ఈఆర్‌వీ అనే పెట్టె వచ్చింది. బయటికి పోయే చల్లని పొడిగాలి, లోపలికొచ్చే వేడి తేమగాలి అందులో పల్చని పొరకు అటూ ఇటూ ప్రయాణిస్తాయి. వచ్చేగాలి తన వేడిలో, తేమలో చాలా భాగాన్ని పోయేగాలికి అప్పగించేస్తుంది. అదీ కుదరనివాళ్లు కనీసం మీటింగు గదికి చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, గదిలో మనుషులున్నప్పుడే తిరిగేలా చేసుకోవాలి. వెళ్లిన గాలి స్థానంలో మరో గాలి రావడానికి దారి ఉంచాలి. ఎగ్జాస్టు పెట్టి తలుపు కింద సందు కూడా రబ్బరుతో మూసేసిన గదులు చూశాను. ఫ్యాను తిరుగుతుంది, గాలి కదలదు.

ఇంకో పొరపాటు కూడా మన దగ్గర బాగా కనిపిస్తుంది. ఒకటిన్నర టన్ను చాలే గదికి ఎందుకైనా మంచిదని రెండు టన్నులు పెడతారు. గది గబగబా చల్లబడుతుంది, కంప్రెసరు ఆగిపోతుంది. నీరు పట్టేది కంప్రెసరు నడిచి కాయిలు చల్లగా ఉన్నప్పుడే గనక తేమ గదిలోనే ఉండిపోతుంది. చలిగా ఉంటుంది, జిగటగానూ ఉంటుంది. జిగట పోవడానికి ఇంకా తగ్గించి 18లో పెడతారు. శనివారం సాయంత్రం ఆపేసి సోమవారం పొద్దున తలుపు తీస్తే ముక్కిన వాసన గుప్పుమంటుంది. బీరువా వెనక, ఫాల్స్ సీలింగు పైన, గోడకు ఆనించిన ప్లైవుడ్డు లోపల బూజు. రాజమండ్రిలో నేనే దగ్గరుండి చేయించిన ఒక ఆఫీసులో రెండో ఏడు జిప్సం సీలింగు మచ్చలు కట్టింది. విప్పి చూస్తే పైన నల్లగా పాకి ఉంది. అప్పటి నుంచి తప్పనిసరి అయితే తప్ప ఫాల్స్ సీలింగు వేయించడం మానేశాను. స్లాబు కిందిభాగం శుభ్రంగా పూత పూస్తే చాలు, గదికి ఎత్తూ మిగులుతుంది.

తేమ సంగతి చూడకుండా కొత్త పద్ధతిని తెచ్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మంచి ఉదాహరణ పోచారంలో ఉంది. హైదరాబాదు పక్కన అక్కడి ఇన్ఫోసిస్ ప్రాంగణంలో ఒకే కట్టడాన్ని రెండు సగాలు చేసి, ఒక సగానికి మామూలు ఏసీ, రెండో సగానికి స్లాబులోనే చల్లని నీటి గొట్టాలు పెట్టారు. రెండో సగం కరెంటు దాదాపు మూడోవంతు తక్కువ వాడింది. గొప్ప పని. కానీ మన వానాకాలపు గాలి 27 డిగ్రీల కంటే చల్లని ఏ ఉపరితలం తాకినా నీరు కక్కుతుంది. లోపలి గాలిని ముందు గట్టిగా ఆరబెట్టకుండా ఇక్కడ ఆ చల్లని స్లాబు పెడితే కంప్యూటర్ల మీద చినుకులు పడతాయి. వట్టివేళ్ల తడికెలు, ఎయిర్ కూలర్లదీ అదే కథ, తిరగేసి. అవి పొడి ఎండలో హాయి. మనకు ఉన్న తేమకు ఇంకాస్త కలుపుతాయి.

మండువా నుంచి ఏం తీసుకోవాలి

ఈ మాట రాగానే ఎవరో ఒకరు కోనసీమ మండువా లోగిళ్లను తలుచుకుంటారు. నాకూ అవంటే ప్రాణం. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వాలు పెంకులు, కిందికి దిగిన చూరు, ముందు వసారా, అరుగు. ఎండ గోడను తాకకముందే చూరు ఆపుతుంది. వేడిగాలి పైకి పోతుంది. సాయంత్రం పైరగాలి ఒక తలుపులోంచి వచ్చి మరో తలుపులోంచి వెళ్తుంది. కానీ రోహిణి కార్తెలో పదిహేను కంప్యూటర్లు, ఒక సర్వరు పెట్టుకుని మండువాలో పనిచేయమంటే అది అభిమానమే గాని సలహా కాదు. ఆ ఇంట్లో మధ్యాహ్నం పని ఆపి నడుం వాల్చేవారు. ఆఫీసులో ఆ వీలు లేదు. నూట యాభై గజాల స్థలంలో మండువా తీయడానికి చోటూ లేదు.

తీసుకోవలసింది రూపాన్ని కాదు, ఎండను బయటే ఆపడం అనే ఆ పనిని. మన అక్షాంశం 16, 17 డిగ్రీల దగ్గర. దక్షిణపు ఎండ మంచి సన్‌షేడుకు లొంగుతుంది. డిసెంబరులో కూడా మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. పడమర వేరు. మూడు తర్వాత ఎండ అడ్డంగా వస్తుంది, ఏ సన్‌షేడూ ఆపలేదు. నిలువు పలకలో, బయట కట్టిన వెదురు తడకో, చెట్టో కావాలి. మన ఊళ్లలో రోడ్డు పడమరకు ఉంటే షోగా ఉంటుందని ముఖమంతా అద్దం, మిగిలిన చోట ఏసీపీ అనే అల్యూమినియం షీట్లు. లోపల తెరలు వేస్తారు. అద్దం దాటి వచ్చేసిన వేడిని తెర ఏం చేస్తుంది? వేడి అప్పటికే గదిలో ఉంది.

పై అంతస్తు అద్దెకు తీసుకున్నవాళ్లకు ఇంకో గండం స్లాబు. దానికి తెల్లని పూత పూయడం గానీ, సోలారు పలకలు నిలబెట్టడం గానీ చేస్తే రెండు విధాల లాభం. ఒక కిలోవాటు పలకలకు దాదాపు వంద చదరపు అడుగుల డాబా పడుతుంది, రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి, ఆ మేర స్లాబుకు నీడా దొరుకుతుంది. డాబాలకు తెల్లపూత కోసం పక్క రాష్ట్రం తెలంగాణ 2023లో ఏకంగా ఒక విధానమే ప్రకటించింది.

ఇక ఎంత చల్లగా ఉండాలి? దీని మీద మన దేశంలోనే మంచి పని జరిగింది. అహ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయం మన ఆఫీసుల్లో వేలమందిని అడిగి తయారుచేసిన ఐమాక్ అనే లెక్క 2016 జాతీయ భవన నియమావళిలోకి చేరింది. దాని ప్రకారం బయటి సగటు ఉష్ణోగ్రత 30 డిగ్రీలున్న రోజుల్లో కిటికీలు తెరిచిన ఆఫీసులో మనవాళ్లకు 29 దగ్గర సుఖంగా ఉంటుంది. కొంతకాలం కిటికీ, కొంతకాలం ఏసీ వాడే చోట 26 చిల్లర. 22 అన్నది చలిదేశాల అలవాటు. 2020 జనవరి నుంచి స్టారు గుర్తున్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా చేశారు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని స్టారు గుర్తులిచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతోంది. 26లో పెట్టి సీలింగు ఫ్యాను వేయండి. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల లాగుతుంది, పాతది 75. ఏసీ ఉన్న గదిలో ఫ్యాను పేదరికానికి గుర్తన్నట్టు తీసేస్తున్నారు మనవాళ్లు. చల్లదనంలో సగం కదిలే గాలిదే.

మార్చుకోవడం అంటే చక్రాల బల్లలు కాదు

గోడలన్నీ తీసేసి అందరినీ ఒకే హాల్లో కూర్చోబెడితే కలిసి పనిచేస్తారన్న నమ్మకం జర్మనీలో 1950ల చివర్లో మొదలైంది. 2018లో హార్వర్డ్ పరిశోధకులు రెండు పెద్ద కంపెనీల్లో ఉద్యోగులకు పరికరాలు తగిలించి కొలిచారు. గోడలు తీశాక ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం తగ్గాయి, మెయిళ్లు పెరిగాయి. ఎదురుగా అందరూ కనిపిస్తుంటే మనిషి తలదించుకుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాడు. పైగా టైల్సు నేల, అద్దం పార్టిషను, స్లాబు సీలింగు ఉన్న మన హాళ్లలో ఒకరి ఫోను పదిమందికి వినిపిస్తుంది. దీనికి మందు మన పెరట్లోనే ఉంది. కొబ్బరి పీచు పలకలు ధ్వనిని బాగా పీల్చుకుంటాయి. చట్రాలకు బిగించి గోడకు కాస్త దూరంగా నిలబెడితే చెమ్మ కూడా పట్టదు.

ఎవరి కుర్చీ వారికి ఉండకుండా వచ్చినవాళ్లు ఖాళీ బల్ల దగ్గర కూర్చునే పద్ధతి మహానగరాల్లో అద్దె మిగులుస్తుంది. తణుకులో పన్నెండు మంది పనిచేసే ఆఫీసుకు అది అక్కర్లేదు, మన దగ్గర అద్దె అంత భారం కాదు. మనకు కావలసిన మార్పు వేరు. ఆడిటరు గారి ఆఫీసు చూడండి. జూలై 31కి రిటర్నులు, సెప్టెంబరు 30కి ట్యాక్సు ఆడిట్లు. ఆ మూడు నెలలు సీఏ శిక్షణలో ఉన్న ఆర్టికల్ పిల్లలు, క్లయింట్లు కిటకిటలాడతారు, సంక్రాంతికి సగం కుర్చీలు ఖాళీ. అక్కడ ఒక్కటే పెద్ద ఏసీ పెట్టి హాలంతా చల్లబరిస్తే జనవరిలోనూ జూలై బిల్లే. మూడు భాగాలుగా స్విచ్చులు, మూడు చిన్న ఏసీలు, మధ్యలో మడిచే తలుపు పెడితే అది నిజమైన ఫ్లెక్సిబుల్ ఆఫీసు.

ఇంతకంటే పెద్ద మార్పు కాలానిది. కార్తీకం నుంచి మాఘం దాకా డెల్టాలో ఏసీ అవసరం లేని రోజులు ఎన్నో. ఆ రోజుల్లో కిటికీలు తీసి పనిచేయగలగాలి, వేసవిలో, వానల్లో బిగించగలగాలి. గదికి రెండు రూపాలుండాలి. దీనికి చిన్న వివరాలు ముఖ్యం. జారుడు కిటికీలో సగమే తెరుచుకుంటుంది, రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది. ఎదురెదురు గోడలకు కిటికీలు లేకపోతే గాలి ఆడదు. దోమతెర తప్పదు, సాయంత్రం ఆరైతే దోమలు ఎవర్నీ పనిచేయనివ్వవు. తెర గాలిని కొంత తగ్గిస్తుంది గనక కిటికీనే కాస్త పెద్దది పెట్టాలి. తెరను తీసి కడుక్కునేలా ఉండాలి.

మొక్కల సంగతి కూడా చెప్పాలి, కడియం నర్సరీలు పక్కనే పెట్టుకున్నవాళ్లం. కుండీలు గాలిని శుద్ధి చేస్తాయన్న మాట 1989 నాటి నాసా పరీక్ష నుంచి వచ్చింది. అది మూసిన చిన్న పెట్టెల్లో జరిగింది. తర్వాతి పరిశోధకులు లెక్కగడితే, మామూలుగా గాలి మారడం వల్ల జరిగే పని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలట. పైగా అవి గదికి తేమ కలుపుతాయి. మొక్కలు వద్దనడం లేదు. పచ్చదనం కనిపిస్తే మనసు కుదుటపడుతుంది, కిటికీలోంచి చెట్లు కనిపించే రోగులు త్వరగా కోలుకున్నారని 1984లోనే ఒక ఆసుపత్రి అధ్యయనం చూపింది. కుండీలను కిటికీ బయట, పడమటి గోడ వైపు పెట్టండి. ఎండనూ ఆపుతాయి, కంటికీ ఇంపు.

కట్టేది ఎవరు, బిల్లు కట్టేది ఎవరు

మంచి కట్టడాలకు గ్రిహ, ఐజీబీసీ, లీడ్, వెల్ అని సర్టిఫికెట్లున్నాయి. మొదటి మూడు కట్టడం ఎంత వాడుకుంటోందో ఎక్కువగా చూస్తాయి, వెల్ లోపలి మనిషిని చూస్తుంది. ఇంధన పొదుపు భవన నియమావళి వంద కిలోవాట్ల కనెక్టెడ్ లోడు (కట్టడంలోని పరికరాలన్నీ కలిపి లాగే కరెంటు) నుంచి మొదలవుతుంది. మన ఊళ్ల ఆఫీసుల్లో ఎక్కువ దానికి అందవు. అంటే పాలకొల్లులో షట్టర్ల మీది మొదటి అంతస్తుకు ఏ నియమావళీ కాపలా లేదు.

అక్కడ ఒక మెలిక ఉంది. సన్‌షేడు, రెక్కల కిటికీ, తెల్లని డాబా చేయించవలసింది ఇంటి యజమాని. కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు. యజమానికి ఖర్చు, లాభం అవతలివారికి. అద్దెకున్నవారు చేయిద్దామంటే అగ్రిమెంటు పదకొండు నెలలు. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషను కావాలన్న నమ్మకంతో అందరూ పదకొండుతో ఆపేస్తారు. పదకొండు నెలల కోసం పరాయి గోడకు ఎవరు నీడ కడతారు?

అందుకే కొత్తగా ఆఫీసు తీసుకునేవారికి నేను ఖర్చును రెండుగా విడదీయమంటాను. వెంట తీసుకుపోగలిగినవి మనం కొనాలి: ఫ్యాన్లు, కార్బన్ డయాక్సైడ్ మీటరు, చట్రాలకు బిగించిన పీచు పలకలు, విప్పి బిగించుకునే బల్లలు. గోడకు అతికించిన ప్లైవుడ్డు అల్మారాలు వద్దు, వెనక చెమ్మ చేరుతుంది, ఖాళీ చేసే రోజు చెత్తబండికే పోతాయి. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు తలుపులు బల్లలవుతాయి. గోడకూ స్లాబుకూ సంబంధించినవి యజమాని చేయించాలి, అందుకు బదులుగా మూడేళ్ల రిజిస్టరు లీజు ఇస్తామనాలి. మూడేళ్లపాటు అద్దె ఖాయమంటే పడమటి నీడకు, డాబా పూతకు ఒప్పుకున్న యజమానులను చూశాను.

ఒప్పందం రాసేటప్పుడు ఇన్వర్టరు, ప్యానెల్ బోర్డు నేలకు ఎంత ఎత్తులో ఉన్నాయో కూడా చూసుకోండి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు లంక గ్రామాల్లో ఇప్పటికీ మీటరును తలెత్తి చూసే ఎత్తులో పెట్టిస్తారు. కాకినాడలాంటి సముద్రపు ఊరైతే ఏసీ బయటి పెట్టె కాయిలుకు ఉప్పుగాలిని తట్టుకునే పూత ఉందో లేదో అడగాలి. ఆఖరున, ఏసీ గొట్టాన్ని సందులోకి వదలకుండా మీ కుండీల దాకా తీసుకెళ్లమని ప్లంబరుకు చెప్పండి.